కోడ్ చదివినవాడల్లా మెకానిక్ కాడు

ఇప్పుడే వర్క్‌షాప్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. కాబట్టి ఈ పోస్టులో మర్యాద వెతక్కండి.

నా స్పోర్ట్స్ కారు ఐడిల్‌లో (కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) వణుకుతోంది. గట్టిగా తొక్కితే చెక్ ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకుంటోంది. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టారు, పి0303 అనే కోడ్ వచ్చింది. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని అర్థం. చివరి అంకె సిలిండర్ నంబర్, అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. దాని మీద సర్వీస్ అడ్వైజర్ గారు ఇచ్చిన తీర్పు వినండి: "ఆరు కాయిల్స్, ఆరు ప్లగ్స్ మార్చేద్దాం సార్. ఇంజెక్టర్లు కూడా మార్చేస్తే ఇక టెన్షన్ ఉండదు. సిస్టమ్ అలా చూపిస్తోంది." (సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మేది ఇంజెక్టర్, దాన్ని అంటించే స్పార్క్ పుట్టించేది ప్లగ్, ఆ ప్లగ్‌కి కరెంటిచ్చేది కాయిల్.)

సిస్టమ్ అలా ఏమీ చూపించలేదు నాయనా! మూడో సిలిండర్ సరిగ్గా మండటం లేదని మాత్రమే చెప్పింది. ఎందుకు మండటం లేదో కనుక్కోవడానికే కదా నువ్వున్నది? థర్మామీటర్‌లో జ్వరం కనిపించగానే గుండె, కాలేయం, కిడ్నీలు అన్నీ మార్చేద్దాం అనే డాక్టర్ దగ్గరికి మీరెవరైనా వెళ్తారా?

మూడో కాయిల్ తీసి ఐదో సిలిండర్‌కి, ఐదోది మూడుకి వేసి చూశారా అని అడిగాను. కోడ్ పి0305కి మారితే కాయిల్ పోయినట్టు. మారకుండా అక్కడే ఉంటే కాయిల్ మంచిదే, ప్లగ్గో ఇంజెక్టరో కంప్రెషనో చూసుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఆయన నా వైపు ఎలా చూశాడంటే, గుళ్ళో చెప్పులేసుకుని నిలబడ్డవాణ్ణి చూసినట్టు.

పట్టుబట్టి తీయించాను. అక్కడున్న కుర్రాడు కాయిల్ పైకి లాగితే ప్లగ్ మీద తొడుక్కునే దాని రబ్బరు బూట్ నూనెలో నానిపోయి ఉంది. ప్లగ్ గుంతలోకి టార్చ్ వేస్తే అడుగున నూనె తళతళా మెరుస్తోంది. ప్లగ్ బయటికి తీస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్లగీత. కథంతా ఆ గీతలోనే ఉంది. వేడికి వాల్వ్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైమూత కింద నూనె కారకుండా ఆపే సీల్, గట్టిపడి నూనె కారింది. ఆ నూనె బూట్‌ని పాడుచేసింది. స్పార్క్ ఏమో, ప్లగ్ కొనదాకా పోకుండా పింగాణీ పక్కనుంచే అడ్డదారిలో జారిపోతోంది. లోడ్ పడ్డప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ ఎక్కువ, అక్కడ స్పార్క్ దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి, అందుకే గట్టిగా తొక్కినప్పుడే ఎక్కువ తన్నుతోంది. ఆ గ్యాస్కెట్‌ని అలాగే వదిలేసి ఆరు కొత్త కాయిల్స్ వేస్తే ఏమవుతుంది? కొత్తవి కూడా కొన్నాళ్ళకి అదే నూనెలో స్నానం చేస్తాయి.

ఇదంతా కళ్ళారా చూశాక అడ్వైజర్ గారు ఏమన్నారో తెలుసా? "సరే సార్, గ్యాస్కెట్ కూడా ఎస్టిమేట్‌లో కలిపేస్తాం."

కలిపేస్తాడట! తీసేయడం అనేది వాళ్ళ నిఘంటువులోనే లేదు.

నాకు అంతకంటే కాలిన విషయం ఇంకొకటుంది. మొదట లైట్ కొట్టుకుంటోందని నేను ఫోన్ చేసినప్పుడు వీళ్ళిచ్చిన సలహా: "ఏం పర్లేదు సార్, పార్ట్స్ వచ్చేదాకా నడుపుకోండి." లైట్ నిలకడగా వెలిగితే ఒక లెక్క, కొట్టుకుంటే ఇంకో లెక్క అని కారుతోపాటు వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. కొట్టుకుంటోందంటే మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోతోందన్నమాట. అది వెళ్ళి పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతే ఆ బిల్లు ముందు కాయిల్స్ బిల్లు చిల్లర. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అది కూడా చెప్పాలి. నూనె చూడగానే అతనికి విషయం అర్థమైపోయింది. కానీ అతన్ని అడిగేవాళ్ళెవరు? చేతికి గ్రీజు అంటినవాడికి నోరుండదు, ట్యాబ్లెట్ పట్టుకున్నవాడిదే మాట.

ఇప్పుడు కింద కామెంట్లలో ఒక బ్యాచ్ దిగుతుంది: "స్పోర్ట్స్ కారు కొన్నాక ఇవన్నీ మామూలే బ్రో." ఏది మామూలు? ఖర్చు మామూలే, ఒప్పుకుంటాను. ఫెరారీ 355కి టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. అది తెలిసే కొంటారు, ఏడుస్తూనో నవ్వుతూనో కట్టుకుంటారు. పనికి డబ్బివ్వడానికి నాకేం బాధ లేదు. ఊహకి డబ్బివ్వమంటేనే మండుతుంది.

ఇంకో బ్యాచ్ ఉంది, వీళ్ళు మరీ ముదుర్లు. 996 తరం పోర్షా 911 కనిపిస్తే చాలు, "అమ్మో, ఐఎంఎస్ బేరింగ్!" అని గుండెలు బాదుకుంటారు. నిజమే, ఆ ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ పోతే ఇంజిన్ మొత్తానికి ముప్పే, కోర్టులదాకా పోయిన వ్యవహారమే. మరి ఇంత భయపడేవాళ్ళు ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, లోహపు తునకలు ఉన్నాయా అని ఎప్పుడైనా చూశారా? చూడరు. ఫిల్టర్ చెత్తబుట్టలోకి, భయం ఫేస్‌బుక్‌లోకి.

ఇక తక్కువ కిలోమీటర్ల భక్తులు. "గ్యారేజీలోంచి బయటికే తీయలేదండీ, కొత్తదాన్లా ఉంటుంది" అని అమ్ముతారు. బయటికి తీయకపోవడమే దాని రోగం అని ఎవరికి చెప్పాలి? వాడని కారులో సీల్స్ ఎండిపోతాయి, బ్యాటరీ చస్తుంది, టైర్లు రాయిలా గట్టిపడతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. ట్రెడ్ నిండుగా ఉందని మురిసిపోయేవాడు ఆ అంకెల వైపు చూడనే చూడడు. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా అంతే, కారు కదలకపోయినా అది గాల్లోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు వేస్తే చాలు, ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. అప్పుడు చూపించండి మీ ఓడోమీటర్‌ని గోడకి!

ఇంతకీ అసలు దొంగలు ఈ వర్క్‌షాప్‌వాళ్ళు కూడా కాదు, తయారీ కంపెనీలు. ఈ కోపం నాకు చాలా పాతది. మన కారులో మనం బ్యాటరీ మార్చుకుంటే కొన్ని మోడల్స్‌లో దాన్ని కంప్యూటర్‌కి రిజిస్టర్ చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ లెక్కలోనే ఛార్జ్ చేస్తుంటుంది. సరే, అందులో సాంకేతిక కారణం ఉంది, కాదనను. కానీ ఆ రెండు బటన్లు నొక్కే హక్కు మాత్రం నాకెందుకు ఉండకూడదు? కొన్ని బళ్ళలో కోడ్లు చెరిపేయాలన్నా లాగిన్, మాడ్యూల్ (కారులోని చిన్న కంప్యూటర్) మార్చాలన్నా ఆన్‌లైన్ అనుమతి. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లో ఒకసారి, వైర్‌లెస్ డేటా కోసం 2020లో మళ్ళీ ఓటేసి మా కారు మేం బాగుచేసుకుంటాం అనాల్సి వచ్చింది. సొంత కారు బానెట్ ఎత్తుకోవడానికి ఎన్నికలు!

పోనీ ఈ తాళాలు వేసినవాళ్ళైనా కలకాలం సపోర్ట్ ఇస్తారా? మెక్‌లారెన్ ఎఫ్1 సంగతే చూడండి. మొత్తం 106 కార్లే కట్టారు, ప్రపంచంలోకెల్లా అపురూపమైన బండి. దాని సర్వీసింగ్‌కి 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్ కావాల్సి వచ్చేది, అందులోని ప్రత్యేక కార్డు వేరే మెషీన్లలో పనిచేయదు కనుక. కంపెనీయే ఆ పాత ల్యాప్‌టాప్‌లను వెతుక్కుంది. అంత గొప్ప బండి గతే అదైతే, మన బండికి ఇరవై ఏళ్ళ తర్వాత ఏ సర్వర్ బతికుంటుంది?

"ఎలక్ట్రిక్ కొనుక్కో బ్రో, ప్లగ్గులు ఉండవు, ఆయిల్ ఉండదు" అని టైప్ చేయబోతున్న మహానుభావులకి ముందే చెప్తున్నా. వాటిలోనూ బ్రేక్ ఫ్లూయిడ్ ఉంది, టైర్లు ఇంకా త్వరగా అరుగుతాయి, వాటి సాఫ్ట్‌వేర్ తాళాల ముందు మన పెట్రోలు బళ్ళ తాళాలు పిల్లకాకులు. సీట్ల కింద అంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని కూడా, మూలనున్న చిన్న 12 వోల్ట్ బ్యాటరీ చచ్చిపోతే బండి లేవదు. ముందు వెళ్ళి దాన్ని చెక్ చేసుకో, కామెంట్ తర్వాత పెడుదువు గాని.