ఏఐ ఉంది కదా, పైసలెందుకు?

"ఏఐల కొడితే నిమిషంల అయితది కదన్నా, గిన్ని పైసలెందుకు?" హన్మకొండలో వీఎఫ్‌ఎక్స్ పని చేసుకునే నాకు ఈ మాట వింటేనే బీపీ పెరుగుతోంది.

ఏఐ వచ్చాక రోటో పని, అంటే వీడియోలో మనిషిని వెనకాల సీను నుంచి ఫ్రేము ఫ్రేముకూ వేరు చేసే పని, తేలికైంది, కాదనను. మనిషి మీద క్లిక్ కొడితే చుట్టూ అంచు గీత, అదే మాస్క్, దానంతటదే గీసుకుంటుంది. కానీ మొన్నటి బట్టల షాపు బతుకమ్మ యాడ్‌లో పసుపు చీర పక్కకు తంగేడు పూలు వచ్చేసరికి దానికి పువ్వేదో కొంగేదో తెలియలేదు. గునుగు పూల అంచులైతే ఫ్రేముకో తీరుగా వణుకుతున్నాయి. సెకనుకు 24 ఫ్రేములు, 10 సెకన్ల షాటంటే 240. ఆ వణుకు పోవాలంటే చేత్తో దిద్దాల్సిందే. దిద్దినట్టు ఎవరికీ కనిపించదు. కనిపించకపోవడమే మా పని మరి!

ఇంకొకాయన వరంగల్ కోట తోరణం వెనకాల ఆకాశం మార్చమన్నాడు. ఏఐ ఆకాశంతో పాటు తోరణం మీది హంసల్ని కూడా మార్చేసింది. వాటిని మళ్లీ కూర్చోబెట్టేసరికి తెల్లారింది. ఆయనేమో "నువ్వేం చేసినవ్, అంతా అదే చేసె గదా" అని బిల్లు సగానికి కోశాడు. ఆ సాఫ్ట్‌వేర్ చందా మాత్రం నెలనెలా నా కార్డు నుంచే పోతోంది.