తప్పు మీటర్‌ది కాదు, వేలిది
ఇంట్లో రక్తంలోని చక్కెర చూసుకునే గ్లూకోమీటర్ అంకె ల్యాబ్ రిపోర్టుతో కలవదు కాబట్టి దాన్ని నమ్మలేమని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. రక్తపు చుక్క తాకించే స్ట్రిప్ మీది ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే సన్నని కరెంటునే మీటర్ కొలుస్తుంది. 100 (మి.గ్రా./డె.లీ.) దాటిన రీడింగు ల్యాబ్‌కు 15 శాతం అటూ ఇటూ ఉండడాన్ని ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తుంది. అసలు తంటా ఎక్కువగా మన చేతుల్లోనే ఉంది. మా అమ్మకు ఒకరోజు పరగడుపున 263 చూపించింది, ఇంటిల్లిపాదీ హడలిపోయాం. అంతకుముందే మనవలకు బంగినపల్లి మామిడి ముక్కలు కోసిపెట్టిందట! సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని మళ్లీ చూస్తే 131. వేలికి అంటిన రసంలోని చక్కెరనూ స్ట్రిప్ లెక్కేసింది మరి. డబ్బా మూత తెరిచి వదిలేస్తే తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి, ఆ సంగతీ రాసి ఉండాల్సింది.