ఖాళీ బేస్‌తో పోల్చారా లేదా? ముందు అది చెప్పండి

"మా అతిమధురం క్రీమ్‌ను ల్యాబ్‌లో టెస్ట్ చేయించాం. 12 వారాల్లో మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) తగ్గింది, చర్మం బిగుతు పెరిగింది" అంటూ ఇప్పుడు చిన్నా చితకా బ్రాండ్లన్నీ ఒక గ్రాఫ్ పెట్టేస్తున్నాయి. దాని కింద జనం "రేటెంత, ఎక్కడ దొరుకుతుంది" అని అడుగుతున్నారు. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఎక్స్‌ట్రాక్ట్ (మొక్క నుంచి తీసిన సారం) కలపని అదే క్రీమ్‌ను, అంటే ఖాళీ బేస్‌ను, రెండో చెంపకు రాసి చూశారా? చూడకపోతే ఆ గ్రాఫ్‌కు విలువ లేదు. ఈ కొలతలు ఎలా వస్తాయో తెలిసినవాళ్లెవరైనా ఇదే మాట అంటారు.

ముందు ఈ బ్రాండ్లు చెప్పుకునే "4 శాతం ఎక్స్‌ట్రాక్ట్" అన్న మాట సంగతి చూద్దాం. మార్కెట్లో దొరికే ద్రవరూప ఎక్స్‌ట్రాక్టుల్లో చాలావాటికి ఆధారం ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా గ్లిజరిన్. అందులో ఘనపదార్థం 1 శాతమే ఉందనుకోండి. 100 గ్రాముల క్రీమ్‌లో 4 గ్రాములు కలిపితే మొక్క నుంచి వచ్చింది 40 మిల్లీగ్రాములు, మిగతా 3.96 గ్రాములూ గ్లైకాలే. గ్లైకాల్, గ్లిజరిన్ రెండూ తేమను పట్టి ఉంచేవే. అంటే మీ క్రీమ్‌కు దాదాపు 4 శాతం మాయిశ్చరైజర్ అదనంగా చేరింది. పోల్చడానికి చేసే బేస్‌లో ఆ 4 గ్రాముల స్థానంలో మామూలు నీళ్లు పోస్తే సరిపోదు. అదే గ్లైకాల్ అంతే పోయాలి. చాలా రిపోర్టులు ఇక్కడే తప్పుతాయి. గ్లైకాల్ చేసిన పనిని మొక్క ఖాతాలో వేసేస్తారు.

అతిమధురంలో రంగు మీద పనిచేస్తుందని పేరున్న పదార్థం గ్లాబ్రిడిన్. వేరులో అది ఒక శాతం కూడా ఉండదు, పైగా నీళ్లలో దాదాపు కరగదు. ఆల్కహాల్‌తోనో అలాంటి ద్రావకంతోనో తీయాలి. అతిమధురం పొడిని నీళ్లలో మరిగించి, ఆ కషాయాన్ని క్రీమ్‌లో కలిపి "గ్లాబ్రిడిన్ ఉంది" అని అమ్మేవాళ్లు ఈ ఒక్క విషయం చూసుకుంటే చాలు. కషాయంలోకి ఎక్కువగా వచ్చేది గ్లైసిరైజిన్. అది ఎర్రదనాన్ని, మంటను తగ్గిస్తుంది. ఎర్రదనం తగ్గిన ముఖం కాస్త తేటగా కనిపిస్తుంది, అంతమాత్రాన మెలనిన్ తగ్గినట్టు కాదు. కాబట్టి ఏ బ్యాచ్‌లో ఎంత గ్లాబ్రిడిన్ ఉందో హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే ల్యాబ్ పద్ధతి) కొలిచిన అంకె రిపోర్టులో ఉండాల్సిందే. "4 శాతం" అన్న అంకె ఆ లోటును పూడ్చదు.

బేస్ తయారీలోనూ మెలకువలు ఉన్నాయి. నూనె భాగం, నీటి భాగం రెండింటినీ 75 డిగ్రీల దాకా వేడిచేసి, కలిపి, హోమోజినైజర్ (రెండూ ఏకమయ్యేలా కలిపే యంత్రం) తిప్పి, చల్లారి 40 డిగ్రీల కిందికి వచ్చాకే ఎక్స్‌ట్రాక్ట్ వేయాలి. ఖాళీ బేస్‌నూ అచ్చంగా అలాగే, అంతే సేపు తిప్పాలి. ఎక్స్‌ట్రాక్ట్ వల్ల క్రీమ్ గోధుమరంగుకు తిరుగుతుంది, బేస్ తెల్లగానే ఉంటుంది. ట్యూబ్ నొక్కగానే ఏది ఏదో వాడేవాళ్లకూ తెలిసిపోతుంది, కొలిచేవాళ్లకూ తెలిసిపోతుంది. అందుకని బేస్‌లో రంగు సరిపోయేదాకా చిటికెడు కేరమెల్ వేస్తారు, వాసన కూడా కలుపుతారు. పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె) రెండింటికీ 5 నుంచి 5.5 మధ్య ఒకటే ఉండాలి. మొక్కల ఎక్స్‌ట్రాక్ట్ తరచూ పీహెచ్‌ను కిందికి లాగుతుంది, చాలా రకాల్లో సూక్ష్మజీవులకు మేత కూడా అవుతుంది. ఖాళీ బేస్‌ను కాపాడిన ప్రిజర్వేటివ్ ఎక్స్‌ట్రాక్ట్ పడ్డాక చాలకపోవచ్చు. 40 డిగ్రీల ఓవెన్‌లో నెలలపాటు ఉంచి రంగు, పీహెచ్, చిక్కదనం, సూక్ష్మజీవుల లెక్క చూడకుండానే మనుషుల ముఖాలకు రాయించే టెస్టులంటే నాకు ఒళ్లు మండుతుంది. వాలంటీర్లు ఎలుకలు కారు. ముఖానికి రాయించే ముందు 48 గంటల ప్యాచ్ టెస్ట్ (కొద్ది చర్మం మీద రాసి పడుతుందో లేదో చూడటం) కూడా తప్పనిసరి.

ఇక బిగుతు. దాన్ని కొలిచే యంత్రం క్యూటోమీటర్. చర్మానికి ఆనించే దాని ప్రోబ్‌కు 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. ఆ ప్రోబ్‌ను చెంప మీద ఆనించి 450 మిల్లీబార్ల పీడనంతో చర్మాన్ని రెండు సెకన్లు లోపలికి లాగి, రెండు సెకన్లు వదులుతారు. లాగినంతలో ఎంత వెనక్కి వెళ్లిందన్న నిష్పత్తిని ఆర్2 అంటారు. 1కి ఎంత దగ్గరగా ఉంటే అంతగా సాగి వెనక్కి వచ్చే గుణం ఉన్నట్టు. గొప్ప యంత్రమే, కానీ ఇది చర్మానికి బలాన్నిచ్చే ప్రోటీన్ అయిన కొలాజెన్‌ను చూడలేదు. పైపొరలో తేమ మారినా దీని అంకెలు మారతాయి. పొద్దున క్రీమ్ రాసుకొచ్చిన చెంప మీద పదకొండింటికి కొలిస్తే మీరు కొలిచింది ఆ పూట తేమను. కొలత ముందు రోజు రాత్రి నుంచి ముఖానికి ఏమీ రాయకూడదు. 20 నుంచి 22 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ ఉన్న గదిలో కనీసం 20 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. మే నెలలో బండి మీద వచ్చిన మనిషిని చెమట ఆరకుండానే కుర్చీలో కూర్చోబెట్టి ప్రోబ్ పెడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మొదటిసారి పడుకోబెట్టి కొలిస్తే చివరిదాకా పడుకోబెట్టే కొలవాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, నవ్వకూడదు, చెంప కండరం బిగిస్తే లెక్క తప్పుతుంది. ప్రతిసారీ అదే చోట కొలవడానికి పారదర్శక షీటు మీద పుట్టుమచ్చలు గుర్తుపెట్టుకుంటారు. ఒక అంగుళం జరిగినా వేరే చర్మమే.

మెలనిన్ కొలిచే మెక్సామీటర్ 568, 660, 880 నానోమీటర్ల కాంతిని పంపి తిరిగొచ్చినదాన్ని లెక్కేస్తుంది. ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే రక్తం పక్కకు తప్పుకుని ఎర్రదనం అంకె పడిపోతుంది. అందుకే ఒక్కో చోట కనీసం మూడుసార్లు కొలిచి సగటు తీస్తారు. వీటికంటే పెద్ద చిక్కు మన ఎండ. రోహిణి కార్తెలో మొదలుపెట్టిన 12 వారాల టెస్టు శ్రావణంలో ముగుస్తుంది. మబ్బులు కమ్మి, జనం ఎండలో తిరగడం తగ్గి, ఏ క్రీమూ రాయని ముఖం కూడా ఆ మూడు నెలల్లో తేరుకుంటుంది. "రాయకముందు, రాశాక" ఫొటోల్లో సగం మాయ ఇదే. ఖాళీ బేస్ రాసిన చెంప పక్కన ఉంటే ఆ తేడా అక్కడా కనిపించి నిజం బయటపడేది. ఇంకోటి: మన దగ్గర కారు నడిపేవాళ్లకు కిటికీ వైపు కుడి చెంప ఉంటుంది. అందరికీ కుడివైపే బేస్, ఎడమవైపే ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చారంటే ఎక్స్‌ట్రాక్ట్‌ను ముందే గెలిపించినట్టు. ఎవరికి ఏ వైపు ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేలాలి. రెండు వైపులా ఒకే సన్‌స్క్రీన్ ఉండాలి. నలుగు, పసుపు, ఫేస్‌ప్యాక్, బ్లీచ్ అన్నీ బంద్. క్రీమ్ సరిగ్గా వాడారా లేదా అన్నది ట్యూబ్ తూకమే చెబుతుంది: చెంపకు పూటకు అర గ్రాము, రోజుకు రెండు పూటలు, 84 రోజులకు 84 గ్రాములు. వాలంటీర్ తిరిగి తెచ్చిన ట్యూబుల్లో సగం మిగిలితే ఆ మనిషి కొలతలకు అర్థమే మారిపోతుంది.

చివర్లో లెక్కల దగ్గర జరిగే మోసం, కొన్నిసార్లు తెలియక చేసేదే, ఇలా ఉంటుంది. ఎక్స్‌ట్రాక్ట్ చెంపలో మొదటికీ చివరికీ తేడా "గణనీయం" అని వస్తుంది. బేస్ చెంపలో అలా రాదు. వెంటనే "ఎక్స్‌ట్రాక్ట్ పనిచేసింది" అని రాసేస్తారు. తప్పు. పీ విలువ అంటే, అసలు మార్పే లేకున్నా అంత మార్పు కాకతాళీయంగా కనిపించే అవకాశం; అది 0.05 కంటే తక్కువైతే "గణనీయం" అంటారు. ఒకదాని పీ విలువ 0.04, రెండోదానిది 0.07 అయితే రెంటికీ మధ్య నిజంగా తేడా ఉన్నట్టు కాదు. ఒక్కో మనిషిలో ఎక్స్‌ట్రాక్ట్ చెంపలో వచ్చిన మార్పులోంచి బేస్ చెంపలో వచ్చిన మార్పును తీసేసి, ఆ మిగులు సున్నాకంటే పెద్దదా అని చూడాలి. పది పన్నెండు మందితో చేసిన టెస్టులో ఆ మిగులు తరచూ గాలికి ఎగిరిపోతుంది.

"టైరోసినేజ్‌ను (మెలనిన్ తయారీకి కావాల్సిన ఎంజైమ్) 80 శాతం అడ్డుకుంది" అనే పరీక్షనాళిక ఫలితాన్ని కూడా క్రీమ్ ఫలితంగా చూపించకండి. ఆ ఎంజైమ్ సాధారణంగా పుట్టగొడుగుది, మనిషి ఎంజైమ్ వేరుగా ప్రవర్తిస్తుంది. పైగా ఆ పరీక్షలో 475 నానోమీటర్ల దగ్గర రంగు చూస్తారు. గోధుమరంగు ఎక్స్‌ట్రాక్ట్ తన సొంత రంగుతోనే లెక్కను చెడగొడుతుంది. ఎంజైమ్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కదాన్నే కొలిచి తీసేయకపోతే ఆ శాతం చెల్లదు.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. చర్మం పైపొర మారడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది. మెలనిన్ తయారీని నిజంగా తగ్గించే పదార్థమైనా అంతకు ముందు చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు. "మొక్కల క్రీమ్" వారంలో తెల్లబరిచిందంటే అందులో తెల్ల పిగ్మెంటైనా ఉండాలి, స్టెరాయిడ్ గానీ పాదరసం గానీ అయినా ఉండాలి. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడిచి గంటల్లో తెల్లదనం చూపిస్తుంది, నెలల్లో చర్మాన్ని పలచన చేస్తుంది. పాదరసం సంగతి 2023లో కేరళ మలప్పురం జిల్లాలో బయటపడింది. ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బు కేసులు వరుసగా కనిపించాయి. మన కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం కళ్లకు వాడేవి తప్ప మిగతా ఉత్పత్తుల్లో పొరపాటున చేరిన పాదరసం కూడా 10 లక్షల్లో 1 వంతు దాటకూడదు. బిగుతు గ్రాఫ్ కంటే ముందు పాదరసం పరీక్ష చేసిన ల్యాబ్ కాగితం అడగండి. వాడుతూ ముఖం ఉబ్బినా, కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా క్రీమ్ ఆపి, ఆ డబ్బా తీసుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బ్రాండ్లవాళ్లు "ఖర్చు ఎక్కువ" అంటారు. ఖాళీ బేస్ అంటే మీరు ఎలాగూ తయారుచేసే క్రీమే, ఖరీదైన ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటి తీసేసి చేస్తారు, అంతే. వాలంటీర్లు అదనంగా అక్కర్లేదు, రెండో చెంప వాళ్లకు ఉండనే ఉంది. ఈసారి గ్రాఫ్ పెట్టేటప్పుడు ఆ రెండో చెంప గీత కూడా దాని పక్కనే గీసి పెట్టండి.