గ్రాండ్ జ్యూరీ గోప్యత ఎవరిని కాపాడుతోంది?

అమెరికాలో గ్రాండ్ జ్యూరీ, అంటే ఒకరిపై నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, ఫలానా వ్యక్తిపై అభియోగం మోపిందనో, మోపలేదనో వార్త వచ్చిన ప్రతిసారీ దాన్ని పౌరులు ఇచ్చిన తీర్పుగా చెప్పుకుంటారు. ఆ మూసిన గదిలో గోప్యంగా జరిగే తంతు చూస్తే ఆ మాట నిలవదు. ఫెడరల్ (కేంద్ర స్థాయి) గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది కూర్చుంటారు, కనీసం 12 మంది ఒప్పుకుంటే ఇండిక్ట్‌మెంట్ (లాంఛనంగా అభియోగం మోపడం) ఖాయం. అక్కడ న్యాయమూర్తి ఉండరు, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి లాయరూ ఉండరు. సాక్షులను ప్రవేశపెట్టేదీ, చట్టాన్ని వివరించేదీ, అభియోగపత్రం రాసి ముందుంచేదీ ప్రాసిక్యూటరే (ప్రభుత్వం తరఫు లాయరు). ఎదుటివారికి అనుకూలమైన ఆధారం తన చేతిలో ఉన్నా ప్రాసిక్యూటర్ దాన్ని చూపించనక్కర్లేదని 1992లో విలియమ్స్ కేసులో సుప్రీంకోర్టే తేల్చింది.

నిందితులు పారిపోకుండా, సాక్షులను ఎవరూ బెదిరించకుండా, నేరం చేయనివారి పరువు పోకుండా ఈ గోప్యత అవసరమని సమర్థకులు అంటారు. అందులో నిజముంది. అరెస్టయ్యేదాకా ఇండిక్ట్‌మెంట్‌ను సీలు చేసి ఉంచడం సబబే. కానీ ఫెడరల్ కోర్టుల్లో సాక్షి బయటికొచ్చి తాను చెప్పింది చెప్పుకోవచ్చు, ఓటేసిన జ్యూరర్ నోటికి మాత్రం పని ముగిశాక కూడా తాళమే.

రాష్ట్రాల కోర్టుల్లోనూ ఈ జబ్బు ఉంది. 2020 మార్చి 13న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో 26 ఏళ్ల బ్రియానా టేలర్ తన ఇంట్లోనే పోలీసు కాల్పుల్లో మరణించింది. సెప్టెంబరు 23న గ్రాండ్ జ్యూరీ ఒక్క అధికారిపైనే అభియోగం మోపింది. అదీ ఆమె మృతికి కాదు, పక్క అపార్ట్‌మెంట్‌లోకి తూటాలు దూసుకెళ్లినందుకు. కాల్పులు జరిపిన మిగతా ఇద్దరు అధికారులు ఎదురుకాల్పులు జరపడం సమంజసమేనని జ్యూరీ అంగీకరించిందని కెంటకీ అటార్నీ జనరల్ డేనియల్ కామెరాన్ విలేకరులకు చెప్పారు.

ఆ మాట విన్న ఒక జ్యూరర్, లోపల జరిగింది చెప్పేందుకు అనుమతి కోరుతూ, పేరు బయటపెట్టకుండానే కోర్టుకెక్కారు. కామెరాన్ అడ్డుపడినా న్యాయమూర్తి అక్టోబరు 20న అనుమతించారు. హత్యాభియోగాలు తమ ముందుకు రానే లేదనీ, ఇంకేమైనా అభియోగాలుంటాయా అని అడిగితే, అవి నిలబడవని ప్రాసిక్యూటర్లు భావిస్తున్నందున ఉండవన్న జవాబే వచ్చిందనీ ఆ జ్యూరర్ వెల్లడించారు. అంటే నిర్ణయం ప్రాసిక్యూటర్‌ది, బాధ్యత మాత్రం జ్యూరీ ఖాతాలో పడింది!

అసలు సమస్య గ్రాండ్ జ్యూరీ దగ్గర ఆగదు. ఫెడరల్ శిక్షల్లో నూటికి తొంభైకి పైగా విచారణ లేకుండా, నేరాంగీకారంతోనే ముగుస్తున్నాయి. బహిరంగ విచారణ ఇంత అరుదైనచోట, ఏ అభియోగం పెట్టాలో ఎంచుకునేవారే దాదాపు న్యాయమూర్తి అవుతారు. ఆ ఎంపిక ఎలా జరిగిందో చూసే పౌరులు గ్రాండ్ జ్యూరర్లు ఒక్కరే. ఇంగ్లండ్ ఈ వ్యవస్థను 1933లోనే వదిలేసింది. అమెరికా వదులుకోలేకపోతే, సాక్షుల పేర్లు కాపాడుతూనే, కేసు ముగిశాక నోరు విప్పే హక్కు జ్యూరర్లకు చట్టంలోనే రాయాలి. లూయీవిల్‌లో ఆ హక్కు కోసం ఒక పౌరుడు మూడు వారాలు కోర్టులో పోరాడాల్సి వచ్చింది.