ఎడమ నడుమా, కుడి నడుమా?

రాయలసీమకు నీళ్ల సమస్య ఉందనీ, వలసల సమస్య ఉందనీ ఇన్నాళ్లూ అమాయకంగా నమ్మాం. గండికోటకు శని, ఆదివారాల్లో వచ్చే సాహసయాత్రికులను గమనిస్తే అసలు సమస్య బోధపడుతుంది: మడవడానికి వీలులేని కత్తిని ఒరతో సహా బెల్టుకు ఏ పక్కన, ఏ కోణంలో కట్టుకోవాలి?

వారి శాస్త్రం గట్టిదే. కుడిచేతివాటం వారు కుడి తుంటి మీద నిలువుగా కట్టుకుంటే పిడి వెంటనే చేతికందుతుంది గాని, కారులో కూర్చోగానే పక్కటెముకల్లో పొడుస్తుంది. పొట్ట మీద ఎడమవైపుకు ఏటవాలుగా కడితే కూర్చునే తీయవచ్చు. వంగితే మాత్రం గుచ్చుకుంటుంది. బెల్టు కిందికి వేలాడదీస్తే కూర్చోవడానికి సుఖం, నడిస్తే తొడకు దెబ్బలు. తోలు ఒర తడిని పట్టి ఉంచి కత్తి అలుగుకు తుప్పు తెస్తుంది. కైడెక్స్ అనే ప్లాస్టిక్ ఒర తడిని పీల్చదు గాని, లోపల ఇసుక చేరితే అలుగును గీకుతుంది. ఇదంతా నిజమే, ఒప్పుకుంటాం.

ఒప్పుకోలేనిది నడుము వెనుక, బెల్టు మీద అడ్డంగా కట్టుకునే కొత్త వేషం. చొక్కా కప్పితే బయటికి కనబడదు, చేతులకు అడ్డం రాదు, యోధుడిలా ఉంటుందని దీని పక్షపాతుల వాదన. పెన్నా లోయ అంచున ఎర్రటి బండ మీద ఒక యోధుడు పుచ్చకాయ కోయడానికి సిద్ధమయ్యాడు. కత్తి మీద చొక్కా, చొక్కా మీద వీపుసంచి నడుముపట్టీ. ముందు సంచి దించాడు, తరువాత చొక్కా ఎత్తాడు, ఆ తరువాత ఒర గుండీ కోసం కుడిచేతిని వెనక్కి తిప్పి, అది అందక, ఎడమచేతిని పంపి, ఆ రెండు చేతులూ వీపు వెనుక కలుసుకోగా తన చుట్టూ తానే రెండు ప్రదక్షిణలు చేశాడు. "మచ్చా, కదలొద్దు, నేను తీస్తా" అని స్నేహితుడు గుండీ ఊడదీసే సరికి, కాయలమ్మే అవ్వ తన కత్తితో పుచ్చకాయ కోసి, ముక్కలు ఆకులో పెట్టి, డబ్బులు కూడా అడిగింది. ఆ బండల మీద కాలు జారి వెల్లకిలా పడితే గట్టి పిడి నేరుగా వెన్నెముకకు తగులుతుందన్న సంగతి మాత్రం ఆ బృందంలో ఎవరి చర్చకూ రాలేదు.

ఈ యోధులే తరువాత లంకమల అభయారణ్యం వైపు బయలుదేరతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 31వ సెక్షన్ ప్రకారం ముందుగా లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. కత్తి కూడా ఆయుధమేనని ఆ చట్టమే చెప్పింది. కాబట్టి కుడి నడుమా, ఎడమ నడుమా అన్న మహాచర్చకు అక్కడ సమాధానం ఒక్కటే: కారులో వదిలి వెళ్లడం. అయితే ఆ సెక్షన్ వినిపించేది ఎవరికి? మొలలో కొడవలి దోపుకుని, భుజాన దోటితో మేకలను తోలుకొచ్చిన కాపరికి. అటవీ సిబ్బంది ఆ కొడవలి గుంజుకుని, పొద్దుగూకేదాకా నిలబెట్టి, "ఏం రా, ఎవరిని నరకడానికి?" అని అడుగుతారు. అదే నోరు ఖరీదైన కత్తి కట్టుకున్న కుర్రవాడితో "జాగ్రత్త సార్, లోపల ఎలుగులుంటాయి" అంటుంది. చట్టం అందరికీ సమానమే, ఒర ఉందా, లేదా అన్నదే తేడా కాబోలు!

ఇంకా కడుపు మండేది ఆ ఫొటో చూసినప్పుడు. కోట బురుజు మీద కాలు పెట్టి, చొక్కా పక్కకు జరిపి కత్తి పిడి కనబడేటట్టు నిలబడి, కింద "సీమ బిడ్డ" అని రాసుకుంటారు. సీమ బిడ్డలారా, ఆ వేటకొడవళ్ల కాలంలో తాళి తెగిన ఆడవాళ్లు ఈ జిల్లాల్లో ఇప్పటికీ బతికున్నారు. పొలాలు బీడు పెట్టి, రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయిన కుటుంబాలున్నాయి. వారి ఏడుపు మీ బెల్టుకు అలంకారం కాదు. ఫొటో దిగాలనే ఉంటే పుచ్చకాయతో దిగండి.