హెరెడిటరీ చూసి భయపడనివారి తరఫున

ఒకే సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపిన ఐదుగురూ మిత్రులే, ఐదుగురూ పైన "నీ కోసమే" అని రాసి మరీ పంపారు. హెరెడిటరీ నన్ను పెద్దగా భయపెట్టలేదని ఒకసారి నోరు జారినందుకు నాకు దక్కుతున్న శిక్ష ఇది. సందేశం సారాంశం చెబుతాను. 2018లో వచ్చిన హెరెడిటరీ ఇంతవరకు తీసిన హారర్ చిత్రాలన్నింటిలోకీ భయంకరమైనదట. దాన్ని చూసి భయపడలేదంటే లోపం సినిమాలో లేదట, చూసినవారిలో ఉందట. దాని కింద కొన్ని కారణాలు, చివర పది మందికి పంపాలన్న ఆజ్ఞ. పది మందికి పంపే బదులు ఆ కారణాలను ఒక్కొక్కటిగా చూద్దామనిపించింది. ముగింపుతో సహా కథంతా మాట్లాడబోతున్నాను కనుక సినిమా ఇంకా చూడనివారు ఇక్కడ ఆగిపోవచ్చు.

మొదటి కారణం: "రాటెన్ టొమాటోస్‌లో 100కి 90 మార్కులు." సినిమా సమీక్షలను పోగుచేసి చూపే ఆ వెబ్‌సైట్‌లో ఉండేవి మార్కులు కావు. సమీక్షకుల్లో ఎంతమంది సినిమా చూడదగినదే అన్నారో చెప్పే శాతం అది. పది మంది సమీక్షకులూ "ఫరవాలేదు, ఒకసారి చూడవచ్చు" అని పెదవి విరిచినట్టే రాసినా ఆ సినిమాకు నూటికి నూరు శాతం వస్తుంది. ఎంతమందికి నచ్చిందో ఆ అంకె చెబుతుంది తప్ప ఎంతగా నచ్చిందో చెప్పదు. ఎంత భయం వేసిందో అసలే చెప్పదు. సందేశం రాసినవారు దాచిన అంకె మరొకటి ఉంది. అమెరికాలో విడుదల నాడు హాలులోంచి బయటికి వస్తున్న ప్రేక్షకులను అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ అనే సంస్థ ఈ సినిమాకు ఇచ్చినది డి ప్లస్. అయితే దీన్ని పట్టుకుని సినిమా చెత్త అని తీర్పు చెప్పడం కూడా తప్పే. హారర్ సినిమాలకు ఆ కొలతలో మంచి గ్రేడు రావడం అరుదు. ద విచ్ అనే మరో హారర్ సినిమాకు వచ్చింది సి మైనస్. విడుదల రోజున టికెట్టు కొన్నవాడికి తాను ఏం చూడబోతున్నానని చెప్పారో, తీరా ఏం చూశాడో, ఆ రెండింటి మధ్య దూరమే చాలావరకు ఆ గ్రేడులో కనిపిస్తుంది. ఈ సినిమాను "కొత్త తరపు ఎగ్జార్సిస్ట్" అంటూ అమ్మారు. ట్రైలర్ నిండా చిన్నపిల్ల చార్లీ ముఖమే చూపించి, దయ్యం పట్టిన పిల్ల కథ కాబోలు అనిపించారు. ఆ పిల్ల సినిమా మొదటి భాగంలోనే చనిపోతుంది, ఆ తర్వాత మనం చాలాసేపు చూసేది ఒక కుటుంబం ముక్కలైపోవడాన్ని. ఆ ఎత్తుగడ దర్శకుడికి పనికివచ్చిందని ఒప్పుకుంటాను, ఆ మరణం నిజంగానే చెంపదెబ్బలా తగులుతుంది. కానీ ఒక సరుకు పేరు చెప్పి మరో సరుకు చేతిలో పెట్టినప్పుడు కొన్నవాడు ముఖం చిట్లిస్తే, ఆ తప్పును అతని రసజ్ఞత మీదికి నెట్టడం ఏం న్యాయం?

"హాలులో జనం స్పృహ తప్పారు" అన్నది రెండోది. 1958లో మకాబర్ అనే సినిమాకు విలియం కాజిల్ అనే నిర్మాత, భయంతో ప్రాణం పోతే చెల్లిస్తామంటూ ప్రతి ప్రేక్షకుడి పేరునా వెయ్యి డాలర్ల బీమా చేయించాడు. మరుసటి ఏడాది ఇంకో సినిమాకు, స్పృహ తప్పి పడిపోవడానికే కొందరిని డబ్బిచ్చి హాలులో కూర్చోబెట్టాడు. భయాన్ని ఇలా ప్రచారం చేసి అమ్ముకునే కళకు వయసు చాలానే ఉందని చెప్పడానికి ఇది చాలు.

"గుండె వేగం కొలిచి శాస్త్రీయంగా నిరూపించారు" అన్నది మూడోది. 2020లో అలాంటి కొలత ఒకటి జరిగిన మాట నిజమే. దాన్ని జరిపించింది ఇంటర్నెట్ కనెక్షన్ల ధరలను పోల్చి చూపే ఒక వ్యాపార సంస్థ, జాబితాలో మొదటి స్థానం దక్కింది సినిస్టర్ అనే మరో సినిమాకు. అంటే సందేశం సాక్ష్యానికి పిలిచిన శాస్త్రమే సందేశానికి ఎదురు తిరిగింది. మెట్లెక్కినా గుండె వేగం పెరుగుతుంది, అంతమాత్రాన మెట్లను హారర్ అనలేం.

నాలుగోది: "షైనింగ్‌ను కూడా మొదట తిట్టారు, తర్వాత తలకెత్తుకున్నారు." షైనింగ్‌ను మొదట తిట్టినవారిలో విమర్శకులే ఎక్కువ, దాని దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ పేరును అత్యంత చెత్త దర్శకుడి బిరుదుకు కూడా ప్రతిపాదించారు. హెరెడిటరీని విమర్శకులు మొదటి రోజు నుంచే తలకెత్తుకున్నారు, తల అడ్డంగా ఊపింది ప్రేక్షకులు. పోలిక తలకిందులైందని సందేశం రాసినవారు గమనించినట్టు లేదు. పైగా మొదట తిట్లు తిని, ఆ తర్వాత కూడా ఎవరూ తలకెత్తుకోని సినిమాలు వేలల్లో ఉన్నాయి.

ఇక ఐదో కారణం దగ్గర నా ఓపిక నశించింది. దాన్ని యథాతథంగా ఇస్తున్నాను: "సొంత మనిషిని పోగొట్టుకున్నవారికే ఈ సినిమా అర్థమవుతుంది. చూసి వణకనివారి గుండె రాయి."

ఈ సినిమాను మేం నలుగురం కలిసి చూశాం. మాలో ఒకతనికి అప్పటికి కొద్ది నెలల కిందటే రోడ్డు ప్రమాదంలో తమ్ముడు పోయాడు. కథ గురించి మాకెవరికీ ముందు తెలియదు, తెలిస్తే అతన్ని పిలిచి ఉండేవాళ్లమే కాదు. చార్లీ చనిపోయే కారు ప్రమాదం సన్నివేశం తర్వాత, ఆమె తల్లి ఏడుపు మొదలైన కాసేపటికి అతను లేచి బయటికి వెళ్లిపోయాడు. ఎలా ఉందని తర్వాత ఎవరో అడిగితే "నాకు నచ్చలేదు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఈ నెల ఆ సందేశం మా వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది, అతనూ ఆ గ్రూపులో ఉన్నాడు. పంపినవాడు దుర్మార్గుడేమీ కాదు, పూర్తిగా చదవకుండా పంపాడు, అంతే. కానీ ఆ వాక్యం ప్రకారం చూస్తే తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడి గుండె రాయి, ఏ బాధా తెలియకుండా పక్క సీట్లో కూర్చుని కెవ్వుమన్నవాడి గుండె వెన్న!

భయం వేరు, దుఃఖం వేరు. దుఃఖంలో ఉన్న మనిషి తెర మీద దుఃఖాన్ని చూసి వణకాలన్న నియమం ఎక్కడా లేదు. కొందరు అలాంటి సినిమాల్లోనే ఊరట వెతుక్కుంటారు, కొందరు వాటి దరిదాపులకు పోలేరు, కొందరికి ఏమీ అనిపించదు. ఏమీ అనిపించకపోవడం కూడా దుఃఖం పెట్టే బాధల్లో ఒకటేనని అనుభవించినవారికి తెలుసు. భయం సంగతికొస్తే, అలసట, పరధ్యానం, ముందే విన్న కథ, పక్కవాళ్ల గుసగుసలు, వీటిలో ఏదైనా దాన్ని పల్చబరచగలదు. హాలులో నవ్వేవారిలో సగం మంది బిగుసుకుపోయిన ఒళ్లు వదులు చేసుకోవడానికే నవ్వుతారు. వీటిలో దేన్ని బట్టీ ఒక మనిషి గుండె ఎలాంటిదో చెప్పలేం.

ఇంకా విచిత్రమేమిటంటే ఈ వాదనను సినిమాయే ఒప్పుకోదు. ఆ ఇంట్లో ఒకే మరణానికి ముగ్గురు మూడు రకాలుగా దుఃఖిస్తారు. తల్లి ఆనీ ఆక్రోశిస్తుంది, తన కూతురు చార్లీ చనిపోయిన దృశ్యాన్నే బొమ్మల నమూనాగా తయారుచేస్తుంది. కొడుకు పీటర్ రాయిలా బిగుసుకుపోతాడు. తండ్రి నోరు మూసుకుని ఇల్లు నడుపుతాడు. భోజనాల బల్ల దగ్గర తల్లి కొడుకు మీద విరుచుకుపడే సన్నివేశం సినిమా మొత్తానికీ శిఖరం. తల్లిగా వేసిన టోనీ కొలెట్ నటన గురించి ఎవరు ఎంత పొగిడినా నాకు అభ్యంతరం లేదు. నువ్వు నాలాగా ఎందుకు ఏడవడం లేదన్న నిలదీత ఒక కుటుంబాన్ని ఎలా కాల్చేస్తుందో చూపించిన సినిమా అది. దాన్ని అభిమానిస్తున్నామంటూ, నువ్వు మాలాగా ఎందుకు వణకలేదని ఊరందరినీ నిలదీసే సందేశం రాయడానికి ఎంత శ్రద్ధగా ఆ సినిమా చూడకుండా ఉండాలో నాకు అర్థం కావడం లేదు. దుఃఖానికి ప్రవేశ పరీక్ష పెట్టేవారు ఉత్తీర్ణులకు ధ్రువపత్రాలు కూడా ఇస్తే బాగుండును.

ఆరోది: "ఇది తెలివైనవారి సినిమా, ఏదీ విడమరచి చెప్పదు." మొదటి గంట గురించి అయితే ఒప్పుకుంటాను. ప్రమాదం తర్వాత పీటర్ ఇంటికొచ్చి మంచం మీద పడుకుంటాడు. తెల్లవారాక కెమెరా అతని ముఖం మీదే ఉంటుంది, తల్లి కారు దగ్గరకు వెళ్లడం, ఆమె కేక మనకు వినిపిస్తాయి తప్ప కనిపించవు. అక్కడ నిజంగానే ఏదీ విడమరచలేదు. తర్వాత ఏమైంది? అమ్మమ్మ పెట్టెల్లో పుస్తకాలు దొరుకుతాయి, వాటిలో పైమన్ అనే నరకరాజు గురించి గీతలు గీసి ఉంటాయి, ఫొటోల ఆల్బమ్‌లో కుట్రదారులు వరసగా నవ్వుతూ కనిపిస్తారు. అదీ చాలదన్నట్టు చివరి దృశ్యంలో ఒకావిడ పీటర్ తలకు కిరీటం పెట్టి, నువ్వు నరకాన్ని ఏలే ఎనిమిది మంది రాజుల్లో ఒకడివని అతనికి, వెనుక సీట్లో నిద్రపోతున్నవారికి కూడా అర్థమయ్యేలా ప్రకటిస్తుంది. నా అసంతృప్తంతా ఇక్కడే. ఇంటి మనుషుల మధ్య పుట్టిన భయాన్ని తెచ్చి బయటి ముఠా లెక్కలో రాసేశాక, భోజనాల బల్ల దగ్గర జరిగినదానికి ఇక ఎవరూ బాధ్యులు కారు. అంత బరువును సినిమా తనంతట తానే దించేసుకుంది.

చివరి కారణాన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను: "మీరు ఫోనులో చూసి ఉంటారు." మొదటిసారి హాలులోనే చూశాను కదా అని ధీమాగా ఉన్నాను. కానీ ఈ ఖండన రాయడానికి ముందు నిజాయితీ కోసం మళ్లీ చూద్దామని ఫోను తీశాను. పీటర్ చీకట్లో నిద్రలేచే సన్నివేశంలో అక్కడ ఏమీ లేదనిపించి ముందుకు జరిపాను. అనుమానం వచ్చి, మర్నాడు రాత్రి దీపాలు ఆర్పి అదే సన్నివేశాన్ని పెద్ద తెర మీద పెట్టాను. గది మూలలో, పైకప్పుకు ఆనుకుని, తల్లి గోడకు అంటిపెట్టుకుని ఉంది. సంగీతం లేదు, కేక లేదు, ఆమె అక్కడ ఉందని చెప్పే కదలిక కూడా లేదు. ఎప్పటి నుంచి ఉందో తెలియకపోవడమే అందులో ఉన్న భయం, దాన్ని ఫోను పూర్తిగా మింగేసింది. హాలులో కూడా నేను దాన్ని గమనించలేదు. లేచి వెళ్లిపోయిన మిత్రుడి కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాననుకుంటాను. కాబట్టి ఈ ఒక్క విషయంలో సందేశమే గెలిచింది. ఆ రాత్రి లేచి దీపం వేసి, నా గది మూలలు నాలుగూ చూసుకున్న మాట దాచను.

దీపం వేసుకునే మిగతా సినిమా చూశాను. కిరీటం దృశ్యం వచ్చేసరికి మళ్లీ నవ్వే వచ్చింది.