ఆఫీసు మెట్ల పక్కనున్న ర్యాంపు గారికి

ర్యాంపు గారికి నమస్కారాలు.

తమరు కులాసాగానే ఉన్నారని తనిఖీ కాగితం చెబుతోంది. 'ర్యాంపు: ఉంది / లేదు' అన్న చోట 'ఉంది' మీద టిక్కు పడింది. దాని పక్కనే 'ఎక్కగలరా?' అని ఇంకో గడి పెట్టాలని ఎవరికీ తోచలేదు. తమరి అదృష్టం.

తమరి జాతకం చూస్తే తప్పంతా తమరిది కాదు. అరుగు ఎత్తు 60 సెంటీమీటర్లు. ఒక్కోటి 15 చొప్పున నాలుగు మెట్లు కట్టారు, అవి ముందుకు వచ్చింది మీటరుంబావు. మెట్లు ఎక్కడ ఆగితే తమరూ అక్కడే ఆగాలని మేస్త్రీ గారి లెక్క. మరీ బాగోదని ఇంకో అర మీటరు పైచిలుకు పెంచి 1.8 మీటర్ల దగ్గర పని ముగించారు. అసలు లెక్క ఒకటికి పన్నెండు. సెంటీమీటరు ఎత్తుకి 12 సెంటీమీటర్ల పొడవు. అంటే తమరు 7.2 మీటర్లుండాలి. మిగతా 5.4 మీటర్లు ఎవరు తిన్నారని అడగడం లేదు. సిమెంటు తినడం విన్నాం గానీ, దూరాన్ని తినడం ఇదే చూడటం.

'అంత జాగా ఎక్కడిది?' అంటారు. తిన్నగానే పోవాలని ఎవరన్నారు? 3.6 మీటర్లు వెళ్లి, మధ్యలో మీటరున్నర మజిలీ ఇచ్చి, వెనక్కి తిరిగి ఇంకో 3.6 మీటర్లు ఎక్కితే సరిపోతుంది. సార్ల కార్లు తిరగడానికి ఉన్న జాగాలో అది నాలుగో వంతు కూడా కాదు.

ఇప్పుడున్న వాలులో వీల్‌చైర్ ఎక్కిస్తే ముందున్న చిన్న చక్రాలు గాల్లోకి లేస్తాయి. బరువంతా వెనక్కి పడి బండి వెల్లకిలా తిరగబడుతుంది. అందుకని వెనక ఇద్దరు కాచుకోవాలి. దిగేటప్పుడు తిన్నగా దింపితే కూర్చున్నవాళ్లు ముందుకి జారిపోతారు, కాబట్టి వెనక్కి నడిపించి దింపాలి. ఇద్దరు పట్టుకుంటే తప్ప కుదరని పనైతే మెట్ల మీదుగానే ఎత్తుకుపోవచ్చు కదా, మధ్యలో తమరెందుకు?

పైన వేసిన గ్రానైటు ప్రారంభోత్సవం ఫొటోలో బాగా మెరిసింది. నాలుగు చినుకులు పడితే చంకకర్ర నిలవదు. జారకూడదని సిమెంటులో గాట్లు కొట్టించుకున్న తమ్ముళ్లు తమరికి వేరే చోట్ల ఉన్నారు. వేలు దూరేంత లోతు గాట్లు, చిన్న చక్రం వెళ్లి అందులోనే ఇరుక్కుంటుంది. అడిగింది గరుకు, దుక్కి దున్నమని కాదు.

స్టీలు పైపు ఒకవైపే పెట్టారు. ఎడమ చెయ్యి పనిచేయని మనిషికి ఎక్కేటప్పుడు అది కుడి చేతికి అందుతుంది. దిగేటప్పుడు? అందుకే రెండు వైపులా ఉండాలన్నారు, అదీ 70, 90 సెంటీమీటర్ల దగ్గర రెండేసి వరసలు. ఇంతా ఎక్కి పైకి చేరితే బండి తిప్పడానికి మీటరున్నర చదరం జాగా లేదు. ఎదురుగా గ్రిల్లు గేటు, దాని కింద లేచి ఉన్న ఇనప పట్టీ. మనుషులు దాన్ని గమనించకుండానే దాటేస్తారు, చక్రం దాటదు.

తమరిని రోజూ వాడుకునేది మాత్రం స్టాఫు బైకులు. ఎండకి సీటు కాలకుండా వరండాలోకి ఎక్కించడానికి తమరంత వాటం ఇంకోటి లేదు.

తమరిని ఎక్కాల్సినవాళ్లను మొదట వికలాంగులన్నారు, తర్వాత దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ అన్నారు. ఈ చివరిది తమరిని చూసే పెట్టి ఉంటారు. తమరిని ఒంటరిగా ఎక్కాలంటే విభిన్నమైన ప్రతిభే కావాలి.

చట్టానికేం లోటు లేదు. 1995లో ఒకటి వచ్చింది, 2016లో ఇంకా గట్టిది వచ్చింది. నిబంధనలు పాటించని భవనానికి పని పూర్తయినట్టు సర్టిఫికెట్టే ఇవ్వకూడదని అందులోని 44వ సెక్షన్ చెబుతుంది. పాత ప్రభుత్వ భవనాలకి రూల్స్ వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువిచ్చారు. రూల్స్ 2017లో వచ్చాయి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి. 2024 నవంబరు 8న, చూపు లేని రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను 'పాటిస్తే మంచిది' అన్నట్టు వదిలేసిన ఆ రూల్స్‌లోని 15(1) రూలు చట్టానికే విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి రూల్స్‌ను మూడు నెలల్లో తయారుచేయమంది. ఆ తీర్పుకి ముందు దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

మనిషికి వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ కావాలంటే స్లాట్ బుక్ చేసుకోవాలి, క్యాంపులో కూర్చోవాలి, డాక్టరు కొలిచి 40 శాతం ఉందో లేదో తేల్చాలి. 39 అంటే ఇంటికే. తమరిని మాత్రం ఇన్నేళ్లలో ఒక్క క్యాంపుకీ పిలవలేదు.

అందుకని తమరికీ ఒక స్లాట్ బుక్ చేశాం. పరీక్ష చిన్నదే. 120 సెంటీమీటర్ల తిన్నని బద్ద పై కొస తమరి మీద ఆనించి, మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా కింది కొస ఎత్తుతాం. ఆ కొస కింద ఖాళీ 10 సెంటీమీటర్లు దాటకూడదు. తమరి దగ్గర 40 వస్తుంది. బద్ద లేకపోతే వాలు కొలిచే యాప్ తెరిచి ఫోనే పెట్టి చూస్తాం. 5 డిగ్రీల లోపు ఉండాలి, తమరిది 18 పైమాటే.

క్యాంపుకి రాలేని స్థితి తమరిది, కాబట్టి మేమే వస్తాం. సోమవారం పదిన్నరకి బైకులు తీయించి ఉంచండి.

ఇట్లు,
కింద రోడ్డు మీదే ఆగిపోయినవాళ్లు